32 జీబీ మెషీన్ ఎక్కగానే డ్రైవర్‌కి తిక్క ఎందుకు పట్టింది: పెద్ద ఫిజికల్ అడ్రసుల సంగతి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ డేటా క్యాప్చర్ కార్డుకి మీరే లినక్స్ డ్రైవర్ రాసుకున్నారు. ల్యాబ్‌లో ఉన్న పాత 4 జీబీ డబ్బాలో అది రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. ఇప్పుడు అదే కార్డు, అదే కోడ్ 32 జీబీ ఉన్న కొత్త మెషీన్‌లో పెడితే బఫర్‌లో కొత్త డేటా రావట్లేదు, కాసేపటికి ఫైల్‌సిస్టమ్ ఎర్రర్లు, ఆ తర్వాత మెషీన్ బిగుసుకుపోతోంది. ర్యామ్ పోయిందేమోనని స్టిక్కులు మార్చి, రాత్రంతా మెమరీ టెస్ట్ కూడా నడిపారు. ర్యామ్‌లో ఏ తప్పూ లేదండీ. తప్పంతా మీరు పేస్ట్ చేసిన ఈ ఒక్క లైన్‌లో ఉంది:

యూ32 అడ్ర = విర్ట్_టు_ఫిజ్(బఫ్);

(ఫంక్షన్ పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నా, కోడ్‌లో ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, సర్దుకోండి. విర్ట్_టు_ఫిజ్ అంటే ప్రోగ్రామ్ వాడే అడ్రసుని ర్యామ్‌లో అసలు అడ్రసుగా, అంటే ఫిజికల్ అడ్రసుగా మార్చి ఇచ్చేది. యూ32 అంటే 32 బిట్ల వేరియబుల్, యూ64 అంటే 64 బిట్లది.)

ముందు ఒక మాట. ఈ డ్రైవర్‌ని ఇలాగే ఉంచి ఆ మెషీన్‌ని ఇంకోసారి బూట్ చేయకండి, ముఖ్యంగా అందులో పనికొచ్చే డేటా ఉంటే. కార్డు సీపీయూ సాయం లేకుండా నేరుగా ర్యామ్‌లోకే రాస్తుంది (దీన్నే డీఎంఏ అంటారు), ఎక్కడ రాస్తోందో దానికే తెలియదు, డిస్కుకి వెళ్లాల్సిన పేజీల మీద రాసేస్తే అది అలాగే డిస్కు ఎక్కేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ ఇమేజ్ బూట్ చేసి, అసలు డిస్కు కేబుల్ పీకేసి ఆడుకోండి. నేను ఇది ఒకసారి కష్టపడి నేర్చుకున్నాను, మీకెందుకు ఆ ముచ్చట.

ఇక ఆ లైన్ సంగతి. అందులో తప్పులు రెండు. ఒకటి కళ్లకి కనిపించేది, రెండోది కనిపించనిది.

కనిపించేది ముందు చూద్దాం. మీ బఫర్ సరిగ్గా 5 జీబీ దగ్గర పడింది అనుకోండి. ఆ అడ్రసు హెక్స్‌లో 1 4000 0000. ఇది 33 బిట్లు. 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టగానే ముందున్న 1 ఎగిరిపోయి 4000 0000 మిగులుతుంది, అంటే సరిగ్గా 1 జీబీ. కార్డు పాపం మీరు చెప్పిన చోటే రాసింది, 1 జీబీ దగ్గర ఎవరి పేజీ ఉంటే వాళ్ల నెత్తిన. మీరేమో 5 జీబీ దగ్గర కూర్చుని డేటా రాలేదేంటి అని చూస్తున్నారు. ల్యాండ్‌లైన్ రోజులు గుర్తున్నవాళ్లకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. విజయవాడలో కూర్చుని 040 కొట్టకుండా హైదరాబాద్ నంబరు డయల్ చేస్తే, నంబరు తప్పు అని ఎవరూ చెప్పరు, విజయవాడలోనే ఎవరింట్లోనో మోగుతుంది. వాళ్లు ఎత్తి హలో అంటారు కూడా. ఇక్కడా అంతే. కంపైలర్ మామూలు సెట్టింగుల్లో ఈ కోత గురించి నోరెత్తదు, కార్డు ఎర్రర్ ఇవ్వదు, ట్రాన్స్‌ఫర్ పూర్తయిందని ఇంటరప్ట్ కూడా బుద్ధిగా వస్తుంది.

మరి పాత డబ్బాలో రెండేళ్లు ఎలా నడిచింది? మీరే రాశారు, అందులో 4 జీబీ వేసినా ఫ్రీ కమాండ్ 3.2 చిల్లరే చూపిస్తుందని. అదే జవాబు. 4 జీబీకి కింద కొంత చోటు పీసీఐ పరికరాల రిజిస్టర్లకి వదలాలి. ఆ చోటు వెనకపడిన ర్యామ్‌ని కొన్ని బోర్డులు 4 జీబీ పైకి తీసుకెళ్లి తగిలిస్తాయి, కొన్ని పాత బోర్డులు తగిలించవు, ఆ ర్యామ్ ఉన్నా లేనట్టే. మీది రెండో రకం. అందుకని ఆ మెషీన్‌లో 32 బిట్లు దాటిన అడ్రసు ఉన్న ర్యామ్ అనేదే లేదు. అదే 4 జీబీ ర్యామ్ మొదటి రకం బోర్డులో వేసి ఉంటే మొదటి రోజే దొరికిపోయేవారు, ఎందుకంటే కెర్నల్ ర్యామ్‌ని అడ్రసుని బట్టి జోన్లుగా విడదీసుకుంటుంది, మామూలు కేమాలోక్ (కెర్నల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్) అడిగితే ముందు నార్మల్ జోన్‌లో వెతుకుతుంది, 64 బిట్ ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ సీపీయూల రకం) ఆ జోన్ 4 జీబీ పైనే మొదలవుతుంది. అక్కడ ఖాళీ లేకపోతేనే కింద ఉన్న డీఎంఏ32 జోన్‌కి దిగుతుంది. కాబట్టి "మా మెషీన్‌లో 4 జీబీయే కదా, టెన్షన్ లేదు" అనే లెక్క ఎవరూ వేసుకోకండి. రూట్‌గా లాగిన్ అయ్యి ప్రోక్ కింద ఉండే ఐఓమెమ్ ఫైల్ చూడండి, సిస్టమ్ ర్యామ్ అని ఉన్న లైన్లు ఎక్కడిదాకా వెళ్లాయో తెలిసిపోతుంది. రూట్ కాకుండా చూస్తే అన్నీ సున్నాలే కనిపిస్తాయి, అది చూసి కంగారు పడకండి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఐదు నిమిషాల పరీక్ష ఒకటుంది. కొత్త మెషీన్‌ని బూట్ చేసేటప్పుడు కెర్నల్ కమాండ్ లైన్‌లో మెమ్=4జీ అని ఇవ్వండి. ఎక్స్86లో ఇది అత్యధిక అడ్రసుని కోసేస్తుంది, 4 జీబీ పైనున్న ర్యామ్ కెర్నల్‌కి కనబడదు. జబ్బు మాయమైతే రోగం ఇదేనని తేలినట్టు. ఇది పరీక్ష మాత్రమే సుమా, మందు కాదు. 32 జీబీ కొని 4 జీబీ వాడుకోవడం ఏం వైద్యం? ఇలా చేసి "ఫిక్స్ అయింది" అని టికెట్ మూసేసినవాళ్లని కూడా చూశాను.

ఇప్పుడు కనిపించని తప్పు. చాలామంది ఇక్కడికి వచ్చేసరికి యూ32 తీసి యూ64 పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. మీ మెషీన్‌లో అది నడవొచ్చు కూడా. కానీ విర్ట్_టు_ఫిజ్ ఇచ్చేది సీపీయూ కంటికి కనిపించే అడ్రసు. కార్డు కంటికి కనిపించే అడ్రసు అదే అవ్వాలని ఎక్కడా రాసిలేదు. ఎక్స్86లో ఐఓఎంఎంయూ (కార్డు ఇచ్చే అడ్రసుని అసలు ర్యామ్ అడ్రసుగా మార్చే హార్డ్‌వేర్) ఆఫ్‌లో ఉంటే రెండూ ఒకటే అవుతాయి, ఆ అలవాటే మనల్ని చెడగొట్టింది.

రెండూ వేరుగా ఉండే మెషీన్ చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు, రాస్ప్‌బెర్రీ పై 4 చాలు, 2019లో వచ్చింది, మీలో సగం మంది టేబుల్ మీద ఉండే ఉంటుంది. అందులో పాత రకం డీఎంఏ ఇంజన్లు ర్యామ్‌లో మొదటి 1 జీబీని మాత్రమే చూడగలవు, అది కూడా సున్నా దగ్గర కాదు, 3 జీబీ దగ్గర మొదలైనట్టు చూస్తాయి. అంటే సీపీయూ సున్నా అన్నదాన్ని ఆ ఇంజన్ 3 జీబీ అంటుంది. పక్కనే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్ కథ మళ్లీ వేరు, ఆ చిప్ మొదటి వెర్షన్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ వైపు నుంచి మొదటి 3 జీబీ దాకానే చెయ్యి చాచగలిగేది. ఒకే బోర్డు, ఒకే ర్యామ్, చూసేవాడిని బట్టి మూడు లెక్కలు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరం ఎలా ఉందో కెర్నల్‌కి చెప్పే వివరాల్లో) డీఎంఏ-రేంజెస్ అని ఒక లైన్ ఉంటుంది, ఈ లెక్కంతా అక్కడ రాసి ఉంటుంది, కెర్నల్ దాన్ని చదువుకుని మీకు సరైన అడ్రసు ఇస్తుంది. మీరు చెయ్యాల్సిందల్లా అడగడం. సొంతంగా కూడికలూ తీసివేతలూ చేశారా, ఇంకో బోర్డు మీద దొరికిపోతారు.

ఐఓఎంఎంయూ ఆన్‌లో ఉన్న సర్వర్లలో ఈ తేడా ఇంకా ముదురుతుంది. అక్కడ కార్డు చూసే అడ్రసులు పూర్తిగా కెర్నల్ అల్లిన లోకం, ఫిజికల్ అడ్రసుతో వాటికి చుట్టరికం ఉండదు. యూ64లో సరైన ఫిజికల్ అడ్రసు పెట్టినా కార్డు అటు వెళ్లబోతే ఐఓఎంఎంయూ గేటు దగ్గరే ఆపేసి డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్) ఫాల్ట్ రాస్తుంది. ఒక రకంగా అది మంచిదే, కనీసం డిస్కు పాడవదు.

సరే, పద్ధతిగా ఎలా చెయ్యాలి? ప్రోబ్ ఫంక్షన్‌లో (కార్డు దొరకగానే కెర్నల్ పిలిచేది), పీసీఐ డివైస్‌ని ఎనేబుల్ చేశాక, డీఎంఏ_సెట్_మాస్క్_అండ్_కోహెరెంట్ పిలవండి. దానికి ఇచ్చే డీఎంఏ_బిట్_మాస్క్‌లో పెట్టే అంకె గురించి నూటికి తొంభై మంది పొరబడతారు. అది మీ మెషీన్ ఎన్ని బిట్లదో చెప్పే అంకె కాదు, మీ కార్డు ఎన్ని బిట్ల అడ్రసుని బస్సు (కార్డుకీ మెమరీకీ మధ్య దారి) మీద పెట్టగలదో చెప్పే అంకె. మెషీన్ 64 బిట్ కాబట్టి 64 అని రాసేయడం అంటే, సైకిల్ నడిపేవాడికి రోడ్డు నాలుగు లేన్లది కదా అని వంద స్పీడు రాసివ్వడం లాంటిది. కార్డు డేటాషీట్ తీసి డిస్క్రిప్టర్‌లో (ఏ బఫర్‌లో రాయాలో కార్డుకి చెప్పే చిన్న రికార్డు) అడ్రసు ఫీల్డు ఎంత వెడల్పు ఉందో చూడండి. 32 ఉంటే 32, 40 ఉంటే 40. బ్రాడ్‌కామ్ పాత ఈథర్‌నెట్ చిప్ ఒకదానికి బీ44 అని డ్రైవర్ ఉంది, అందులో 30 అని ఉంటుంది, ఆ చిప్‌కి 1 జీబీ దాటి చూపు ఆనదు మరి. ఐఎస్ఏ రోజుల్లో 24 బిట్లే, 16 ఎంబీ. కెర్నల్‌లో జీఎఫ్‌పీ_డీఎంఏ అనే ఫ్లాగ్ ఎక్స్86లో ఇప్పటికీ ఆ 16 ఎంబీ జోన్‌నే చూపిస్తుంది, పేరు చూసి "డీఎంఏకి కదా" అని వాడేయకండి, అంత చిన్న జోన్‌ని ఖాళీ చేసిన పాపం మీకెందుకు.

ఇంకో చిన్న విషయం. 64తో అడిగి, ఫెయిలైతే 32తో మళ్లీ అడిగే కోడ్ పాత డ్రైవర్లలో వందల చోట్ల కనిపిస్తుంది. ఇప్పటి కెర్నల్‌లో 32 కుదిరే చోట 64 ఫెయిలవదు, ఆ రెండో అడుగుడు ఉత్త దండగ. 64 ఇస్తే "నాకు ఏ అడ్రసైనా ఫర్వాలేదు" అని చెప్పినట్టే, ప్లాట్‌ఫామ్ దానికున్న హద్దు అది చూసుకుంటుంది. ఆ రెండో అడుగుడు తీసేయండి. రిటర్న్ విలువ మాత్రం చూసుకోండి.

మాస్క్ చెప్పాక బఫర్ రెండు రకాలుగా తీసుకోవచ్చు. డిస్క్రిప్టర్ రింగ్ లాంటి, కార్డూ మీరూ ఇద్దరూ ఎప్పుడూ తడుముతూ ఉండే వాటికి డీఎంఏ_అలోక్_కోహెరెంట్. అది ఒకేసారి రెండు అడ్రసులు ఇస్తుంది, ఒకటి మీకు, ఒకటి కార్డుకి, మాస్క్‌కి లోబడే ఇస్తుంది. ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కి వచ్చిపోయే బఫర్లకి డీఎంఏ_మ్యాప్_సింగిల్, లేదా ముక్కలు ముక్కలుగా ఉంటే డీఎంఏ_మ్యాప్_ఎస్‌జీ. మ్యాప్ చేసిన వెంటనే డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తో చూసుకోండి. సున్నాతో పోల్చి చూడటం తప్పు, సున్నా కూడా సరైన డీఎంఏ అడ్రసు అయ్యే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి. స్టాక్ మీది వేరియబుల్‌నీ, వీమాలోక్ బఫర్‌నీ (ఫిజికల్ ర్యామ్‌లో ముక్కలుగా ఉండొచ్చు) మ్యాప్_సింగిల్‌కి ఇవ్వకండి. ఎక్స్86లో 4.9 కెర్నల్ నుంచి స్టాక్ కూడా వీమాలోక్ ప్రాంతంలోనే ఉండొచ్చు, ఒకప్పుడు అదృష్టం కొద్దీ నడిచిన కోడ్ ఇప్పుడు నడవదు.

మీ కార్డు 32 బిట్లదే అని తేలి, బఫర్ 5 జీబీ దగ్గర ఉంటే ఏమవుతుంది అని అడుగుతారు. ఐఓఎంఎంయూ ఉంటే అది 4 జీబీ కింద ఒక అడ్రసు కట్టి ఇస్తుంది, మీకు తెలియనే తెలియదు. లేకపోతే ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ రంగంలోకి దిగుతుంది. పేరు పొడుగే గానీ పని చిన్నది. బూట్ టైములోనే కింది అడ్రసుల్లో 64 ఎంబీ (మామూలుగా వచ్చే సైజు ఇదే) పక్కన పెట్టుకుని ఉంటుంది, మీ బఫర్ బదులు అందులోంచి ఒక ముక్క అడ్రసు కార్డుకి ఇస్తుంది, కార్డు అక్కడ రాశాక సీపీయూతో మీ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. ఆ 64 ఎంబీని 2 కేబీ అరలుగా కోస్తారు, ఒక్క మ్యాపింగ్‌కి వరసగా 128 అరలకి మించి దొరకవు, అంటే 256 కేబీ. మీరు 1 ఎంబీ బఫర్ ఒకే ముక్కగా మ్యాప్ చేయబోతే ఫెయిలవుతుంది, డీమెస్గ్‌లో ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ బఫర్ నిండిపోయింది అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది బూట్ పారామీటర్‌తో ఆ 64 ఎంబీని 512 చేసి, మళ్లీ అదే ఎర్రర్ వస్తే తల పట్టుకుంటారు. మొత్తం సైజు పెంచితే ఏం లాభం, ఒక్కో ముక్కకి ఉన్న హద్దు అలాగే ఉంది కదా.

ఈ కాపీ ఊరికే రాదు. మీ కార్డు సెకనుకి కొన్ని వందల ఎంబీలు పోస్తుందన్నారు, అదంతా సీపీయూ ఇంకోసారి మోయాలి. అలాంటి కార్డు 32 బిట్లదైతే నేను స్ట్రీమింగ్ మ్యాపింగ్ (పైన చెప్పిన మ్యాప్_సింగిల్ పద్ధతి) జోలికే పోను. డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడే డీఎంఏ_అలోక్_కోహెరెంట్‌తో కావలసినన్ని బఫర్లు తీసిపెట్టుకుని, రింగ్‌లా తిప్పుతాను. మాస్క్ 32 అని ముందే చెప్పాం కాబట్టి అవి కిందే పడతాయి, కాపీ ఉండదు, యూజర్ స్పేస్‌కి డీఎంఏ_ఎంమ్యాప్_కోహెరెంట్‌తో చూపించొచ్చు.

స్ట్రీమింగ్ వాడేవాళ్లు ఒకటి మర్చిపోతారు. అన్‌మ్యాప్ చేయకుండా బఫర్ చూడాలంటే డీఎంఏ_సింక్_సింగిల్_ఫర్_సీపీయూ పిలవాలి. ఎక్స్86లో బౌన్స్ (పైన చెప్పిన ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ కాపీ) లేనప్పుడు దాన్ని పిలవకపోయినా నడిచిపోతుంది, అందుకే మర్చిపోతారు. బౌన్స్ మొదలైన రోజు మాత్రం ఆ కాపీ జరిగేదే ఆ పిలుపులో. పిలవకపోతే బఫర్‌లో మొన్నటి డేటానే ఉంటుంది. "పెద్ద ర్యామ్ వేస్తే పాత ఫ్రేమే మళ్లీ మళ్లీ వస్తోంది" అనే ఫిర్యాదు వింటే నేను ముందు చూసేది ఇదే.

ఇక వేరియబుళ్లు. కార్డుకి ఇచ్చే అడ్రసు డీఎంఏ_అడ్ర_టీలో, సీపీయూ చూసే ఫిజికల్ అడ్రసు ఫిజ్_అడ్ర_టీలో, పీసీఐ బార్ (కార్డు రిజిస్టర్లు కనిపించే చోటు) అడ్రసు రిసోర్స్_సైజ్_టీలో పెట్టండి. అన్‌సైన్డ్ లాంగ్ ఏ అడ్రసైనా మోస్తుంది అనే నమ్మకం 64 బిట్ కెర్నల్‌లో నిజం, 32 బిట్ కెర్నల్‌లో అబద్ధం. 1995లో పెంటియం ప్రోతో పీఏఈ (ఫిజికల్ అడ్రసుని 32 బిట్లు దాటించే ఏర్పాటు) వచ్చినప్పటి నుంచే 32 బిట్ సీపీయూకి 36 బిట్ల ఫిజికల్ అడ్రసు ఉంది, 64 జీబీ దాకా. ఆర్మ్‌లో ఎల్‌పీఏఈ (అలాంటి ఏర్పాటే) ఉన్న 32 బిట్ చిప్‌లకి 40 బిట్లు. అక్కడ అన్‌సైన్డ్ లాంగ్ 32 బిట్లే.

టైపులు సరిగ్గా పెట్టినా లెక్కల్లో జారిపోవడం ఇంకో రకం. పేజీ ఫ్రేమ్ నంబరుని పేజ్_షిఫ్ట్ బిట్లు ఎడమకి జరిపి ఫిజ్_అడ్ర_టీలో పెడతారు, కానీ జరపడం జరిగేది సమానం గుర్తుకి ఎడమవైపు ఉన్న టైపులో కాదు, కుడివైపు ఉన్న టైపులో. 32 బిట్ కెర్నల్‌లో పై బిట్లు అక్కడే పోతాయి, పోయాక పెద్ద వేరియబుల్‌లో పెట్టి ఏం లాభం. పీఎఫ్ఎన్_ఫిజ్ మ్యాక్రో వాడండి, ముందు క్యాస్ట్ చేసి తర్వాత జరుపుతుంది. ఎంమ్యాప్ హ్యాండ్లర్‌లో వీఎం_పీజీఆఫ్‌ని జరిపే చోట కూడా ఇదే గొయ్యి. 36 బిట్ల మాస్క్ కోసం 1ని 36 సార్లు జరిపినవాళ్లూ ఉన్నారు, ఆ 1 ఇంట్ అని గుర్తుండదు.

పై సగం తీసేటప్పుడు నేరుగా 32 జరపకుండా అప్పర్_32_బిట్స్ వాడండి. ఆ మ్యాక్రో తెరిచి చూస్తే వింతగా ఉంటుంది, 16 జరిపి మళ్లీ 16 జరుపుతుంది. ఎందుకంటే అడ్రసు టైపే 32 బిట్లదైతే దాన్ని ఒకేసారి 32 జరపడం సీ భాషలో నిర్వచించని పని, కంపైలర్ గోల చేస్తుంది. రెండు విడతల్లో జరిపితే చక్కగా సున్నా వస్తుంది. ఎవరో బుర్ర పెట్టి రాసిన లైన్ అది, నాకు చాలా ఇష్టం.

ప్రింట్ చేసేటప్పుడు ఎక్స్ ఫార్మాట్‌తో చేస్తే సగం అడ్రసే కనిపించి "అడ్రసు సరిగ్గానే ఉందే" అనిపిస్తుంది. కెర్నల్‌లో ఫిజ్_అడ్ర_టీకి శాతం గుర్తు పక్కన పీఏ, డీఎంఏ_అడ్ర_టీకి పీఏడీ అని ఫార్మాట్లు ఉన్నాయి. వాటికి విలువ కాదు, వేరియబుల్ చిరునామా ఇవ్వాలి, లేకపోతే ఇంకో కొత్త క్రాష్.

అడ్రసు రిజిస్టర్లలో రాసే వరస గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, ఇది నన్ను మూడు వారాలు తిన్న బగ్. అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక కార్డు, అడ్రసుకి రెండు రిజిస్టర్లు, కింది సగం ఒకటి, పై సగం ఒకటి. డ్రైవర్‌లో ముందు కింది సగం, తర్వాత పై సగం రాసేవాళ్లం. మా ల్యాబ్‌లో నెలల తరబడి నడిచింది. కస్టమర్ దగ్గర 64 జీబీ మెషీన్‌లో రోజుకి ఒకసారో రెండుసార్లో ఒక ఫ్రేమ్ మాయం, ఇంకెక్కడో మెమరీ పాడు. లాగ్ తీసి చూస్తే మేము రాసిన అడ్రసు ప్రతిసారీ నిఖార్సుగా ఉంది. చివరికి లాజిక్ టీమ్‌లో ఒకాయన్ని టీ తాగుతూ అడిగితే ఆయన మామూలుగా అన్నాడు, "కింది రిజిస్టర్ రాయగానే రెండూ కలిపి లాచ్ అవుతాయి కదా" అని. అంటే మేం కింది సగం రాసిన క్షణానికి పై రిజిస్టర్‌లో ఉన్నది పోయిన ట్రాన్స్‌ఫర్‌ది. వరసగా వచ్చే బఫర్లు ఒకే 4 జీబీ ముక్కలో ఉన్నంతసేపూ పాత పై సగం, కొత్త పై సగం ఒకటే, అంతా సవ్యం. బఫర్ ఆ గీత దాటిన ఒక్క ట్రాన్స్‌ఫర్ మాత్రం తప్పు చోటికి పోతుంది, తర్వాతది మళ్లీ సరిగ్గా. రెండు లైన్లు అటూ ఇటూ మార్చాం, అంతే. డేటాషీట్‌లో ఆ లాచ్ సంగతి ఒక ఫుట్‌నోట్‌లో ఉంది.

అందుకని 64 బిట్లు ఒకేసారి రాసే రైట్‌క్యూ వాడేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి, 32 బిట్ కెర్నల్‌లో అది రెండు రాతలుగా విడిపోతుంది, లో-హై, హై-లో అని రెండు హెడర్లు ఉన్నాయి, మీ హార్డ్‌వేర్‌కి ఏది కావాలో చూసుకుని అదే చేర్చుకోవాలి. ఇంక్లూడ్ చేస్తే కంపైల్ అయింది కదా అని ఏదో ఒకటి పెట్టేయకండి.

డేటాషీట్ కూడా ఎప్పుడూ నిజం చెప్పదు. లినక్స్ ఏహెచ్‌సీఐ (సాటా డిస్కుల కంట్రోలర్) డ్రైవర్ దీనికి మంచి మ్యూజియం. ఏహెచ్‌సీఐ కంట్రోలర్ 64 బిట్ల అడ్రసు తెలుసో లేదో ఒక కేపబిలిటీ బిట్‌తో చెప్పాలి. ఏటీఐ ఎస్‌బీ600 తెలుసంటుంది, కానీ నమ్మలేం, డ్రైవర్ దాన్ని చాలా బోర్డుల్లో 32 బిట్లకే కట్టేస్తుంది. ఏఎస్‌మీడియా ఏఎస్ఎం1061 ఇంకా గమ్మత్తు. అది 64 అంటుంది, నిజానికి మోసేది 43 బిట్లు. 43 బిట్లంటే 8 టీబీ, అంత ర్యామ్ ఎవరింట్లో ఉంది అనుకుంటాం. కానీ ఐఓఎంఎంయూ కట్టే అడ్రసులకి ర్యామ్ సైజుతో పనిలేదు, పైనుంచి కిందకి ఇచ్చుకుంటూ వస్తుంది, మామూలు ర్యామ్ ఉన్న మెషీన్‌లో కూడా 43 బిట్లు దాటిన అడ్రసు చేతికి రావచ్చు. ఆ చిప్ పై బిట్లు కోసేసి బస్సు మీద పెడితే ఐఓఎంఎంయూ ఫాల్ట్. 2024లో ఆ చిప్ కుటుంబానికంతా 43 బిట్ల మాస్క్ పెట్టారు. మీ కార్డు వెండర్ 64 అని రాసిచ్చినా ఒకసారి ఎత్తు అడ్రసుతో పరీక్షించకుండా నమ్మొద్దు అనేది ఇందుకే.

పరీక్ష ఎలా? ఇక్కడే ఇంకో మాయ ఉంది. ఐఓఎంఎంయూ ఆన్‌లో ఉంటే లినక్స్ పీసీఐ కార్డులకి చాలా ఏళ్లుగా ముందు 4 జీబీ కిందే అడ్రసు వెతికి, దొరక్కపోతేనే పైకి వెళ్తుంది. అందుకని కోత పడే డ్రైవర్ 256 జీబీ సర్వర్‌లో కూడా నెలలు నడిచిపోతుంది. ఐఓఎంఎంయూ.ఫోర్స్‌డాక్=1 అని బూట్ పారామీటర్ ఇస్తే ఆ కిందచూపు మానేస్తుంది, మీ బగ్ వెంటనే బయటపడుతుంది. ఐఓఎంఎంయూ.పాస్‌త్రూ=1 ఇచ్చి అసలు ఫిజికల్ అడ్రసులతో ఒకసారి, ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ=ఫోర్స్ ఇచ్చి ప్రతి ట్రాన్స్‌ఫర్ బౌన్స్ అయ్యేలా ఇంకోసారి నడపండి. సింక్ మర్చిపోయిన చోట్లన్నీ ఈ చివరి దానిలో దొరుకుతాయి. కెర్నల్‌ని డీఎంఏ_ఏపీఐ_డీబగ్ ఆన్ చేసి కట్టుకుంటే, మ్యాప్ చేసి వదిలేసినవి, తప్పు సైజుతో అన్‌మ్యాప్ చేసినవి అన్నీ పేరు పెట్టి తిడుతుంది. నెమ్మదిగా నడుస్తుంది, ల్యాబ్‌లోనే వాడండి.

మీ ఐఓసీటీఎల్ (అప్లికేషన్ డ్రైవర్‌తో మాట్లాడే పిలుపు) స్ట్రక్చర్ కూడా చూశాను. ముందు యూ32, దాని పక్కనే యూ64 పెట్టారు. 32 బిట్ ఎక్స్86 ప్రోగ్రామ్‌లో అది 12 బైట్లు, 64 బిట్ కెర్నల్‌లో 16. పాత అప్లికేషన్‌ని అలాగే నడపాలన్నారు కాబట్టి ఇది తగులుతుంది. కొత్త ఐఓసీటీఎల్ అయితే మధ్యలో ఒక యూ32 ప్యాడింగ్ మీరే పెట్టేయండి, పాతదానికి కంపాట్_ఐఓసీటీఎల్ (32 బిట్ ప్రోగ్రామ్‌ల కోసం విడి హ్యాండ్లర్) రాయక తప్పదు. అసలు యూజర్ స్పేస్‌కి ఫిజికల్ అడ్రసు ఎందుకు ఇస్తున్నారో నాకు అర్థం కాలేదు. బఫర్ నంబరు ఇవ్వండి చాలు, అడ్రసు డ్రైవర్ దగ్గరే ఉండనివ్వండి.

విండోస్ వెర్షన్ గురించి చివర్లో అడిగారు. అక్కడ ఫిజికల్ అడ్రసు టైపు మొదటినుంచీ 64 బిట్లే, కానీ లోపార్ట్ మాత్రమే తీసుకుని హైపార్ట్ వదిలేసిన డ్రైవర్లు ఒకప్పుడు కోకొల్లలు. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్ కోసం పీఏఈ వాడుకలోకి వచ్చినా, ఇలాంటి డ్రైవర్లు కూలిపోతాయనే మైక్రోసాఫ్ట్ 32 బిట్ డెస్క్‌టాప్ విండోస్‌ని 4 జీబీ అడ్రసు దగ్గరే ఆపేసింది. 4 జీబీ వేసి 3.2 చూసుకుని బాధపడిన తరం మాది, దానికి కారణంలో మనలాంటి డ్రైవర్ రాసేవాళ్ల వాటా కూడా ఉంది. ఇప్పుడైతే కేఎండీఎఫ్‌లో (విండోస్ డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్) డీఎంఏ ఎనేబ్లర్ కట్టేటప్పుడు ప్రొఫైల్ ఎంచుకోవాలి, స్క్యాటర్‌గ్యాదర్64 పెడితే 64 బిట్లు, ఉత్త స్క్యాటర్‌గ్యాదర్ పెడితే 32, బౌన్స్ చేయడం అదే చూసుకుంటుంది. ఎంఎం‌గెట్‌ఫిజికల్‌అడ్రస్ తీసుకుని నేరుగా కార్డులో రాయడం అక్కడా తప్పే.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: డిస్కు పీకి, మెమ్=4జీతో బూట్ చేసి జబ్బు పోయిందో లేదో చూడండి. తర్వాత కార్డు డేటాషీట్‌లో డీఎంఏ అడ్రసు రిజిస్టర్లు ఉన్న పేజీ తెరిచి, పై సగానికి రిజిస్టర్ ఉందా, ఉంటే లాచ్ ఎప్పుడో చూడండి. పై సగం రిజిస్టరే లేకపోతే మాస్క్ 32 పెట్టి, విర్ట్_టు_ఫిజ్ లైన్ కొట్టేసి, బఫర్లు డీఎంఏ_అలోక్_కోహెరెంట్‌తో తీసుకోండి, మహా అయితే ముప్పై లైన్ల మార్పు. ఉంటే ఆ రెండు రిజిస్టర్ల పేర్లూ, మీ రాసే వరసా, ఐఓమెమ్ ఫైల్‌లో సిస్టమ్ ర్యామ్ లైన్లూ ఇక్కడ పెట్టండి, ఆదివారం తీరిగ్గా చూసి చెప్తాను.